కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలంటే: క్లైంబింగ్ గ్రూపులో అందరికీ చోటు కల్పించడం ఎలా?

“అందరూ రావచ్చు” అని పోస్టు పెడతాం. వచ్చేది మాత్రం ఎప్పుడూ ఒకే రకం మనుషులు. ఒంట్లో సత్తువ, సొంత బూట్లు, ఖాళీ సెలవులు ఉన్న కుర్రాళ్ళు. ఆడవాళ్ళు ఒకసారి వచ్చి ఆగిపోతారు. లావుగా ఉన్నవాళ్ళు వివరాలు అడిగి ఊరుకుంటారు. చూపు లేనివాళ్ళు, వినికిడి లేనివాళ్ళు, కాలు పోగొట్టుకున్నవాళ్ళు అసలు అడగనే అడగరు. “మేం ఎవరినీ రావద్దని అనలేదే” అని గ్రూపు నడిపేవాళ్ళు బాధపడతారు. ఆ బాధ నిజమే. కానీ రావద్దని చెప్పే పనిని నోరు ఒక్కటే చెయ్యదు. సరిపోని హార్నెస్ (తాడు కట్టడానికి నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలు) చెబుతుంది, టాయిలెట్ లేని దారి చెబుతుంది, ఎవరో విసిరిన ఒక్క మాట చెబుతుంది.

ఇది క్లైంబింగ్, ట్రెక్కింగ్ గ్రూపులు నడిపేవాళ్ళ కోసం రాస్తున్నాను. నలుగురు స్నేహితుల్ని కొండకు తీసుకెళ్ళేవాళ్ళకైనా పనికొస్తుంది. నేను నమ్మేది ఒక్కటే. ఆ రోజే కొత్తగా వచ్చిన మనిషి, తాడు పట్టుకున్న లీడర్‌తో “ఆగండి, నాకిది సరిగ్గా అనిపించడం లేదు” అని మొహమాటం లేకుండా అనగలగాలి. అలా అనలేని చోట మర్యాదా లేదు, భద్రతా లేదు. కింద చెప్పే పనులన్నీ ఆ మాట నోట్లోంచి రావడానికే.

ముందుగా, రావడం మానేసినవాళ్ళను అడగండి

గత ఏడాదిలో ఒక్కసారే వచ్చి ఆగిపోయినవాళ్ళ పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి. గ్రూపు చాట్‌లో అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఆ రోజు లీడర్‌గా ఉన్న మనిషి కాకుండా వేరొకరు అడిగితే ఇంకా మంచిది.

“ఎలా అనిపించింది?” అంటే “బాగుంది అండీ” అనే జవాబే వస్తుంది. సూటిగా ఒక్కో విషయం అడగాలి. ఏ సమయంలో ఇంక ఇంటికి వెళ్ళిపోదాం అనిపించింది? ఒంటికి సరిపోని సామాను ఏదైనా ఇచ్చామా? టాయిలెట్‌కి ఏం చేశారు? తాడు మీద ఉన్నప్పుడు కింద నుంచి ఎవరైనా అన్న మాట ఇబ్బంది పెట్టిందా? జవాబు వచ్చాక సంజాయిషీ ఇవ్వకండి. “అయ్యో, వాడి ఉద్దేశం అది కాదు” అనే ఒక్క వాక్యంతో ఆ సంభాషణ అక్కడే ఆగిపోతుంది. థాంక్స్ చెప్పి రాసుకోండి, అంతే.

పెద్ద పెద్ద సిద్ధాంతాలు బయటపడతాయని అనుకోవద్దు. దాదాపు అన్నీ చిన్న విషయాలే ఉంటాయి, మీరు ఈ నెలలోనే సరిచేయగలిగినవి.

ప్రకటనలో అసలు సంగతి రాయండి

“ఈజీ ట్రెక్”, “బిగినర్స్ కోసం”, “ఫిట్‌నెస్ ఉంటే చాలు” లాంటి మాటల వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఎవరికి ఈజీ? మోకాలి నొప్పి ఉన్న యాభై ఏళ్ళ మనిషి ఆ మాట చూసి వస్తే సగం దారిలో ఇరుక్కుపోతారు. హాయిగా ఎక్కగలిగిన మరొకరు, తనవల్ల కాదేమోనని ఇంట్లోనే ఉండిపోతారు. మీరు వివరాలు ఇవ్వండి, వెళ్ళాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. ఉదాహరణకు ఇలా:

“వెళ్ళడానికి 4 కిలోమీటర్లు, రావడానికి అంతే. ఎక్కే ఎత్తు 300 మీటర్లు. మొదటి గంట మట్టి బాట. ఆ తర్వాత మోకాలి ఎత్తు రాళ్ళు, కొన్నిచోట్ల చేతులు ఆన్చి ఎక్కాలి. నీడ ఉండదు. మెల్లగా నడిచేవాళ్ళ లెక్కన మొత్తం ఐదు గంటలు. బయల్దేరే చోట టాయిలెట్ ఉంది, దారిలో లేదు. సగం దూరంలో చాటుగా ఉండే చోటు చూపిస్తాం. హెల్మెట్, హార్నెస్, షూస్ మేమే ఇస్తాం. మధ్యలో ఆగిపోవాలనుకుంటే మీతోపాటు ఒక లీడర్ వెనక్కి వస్తారు, అందుకే ఒకరిని అదనంగా తీసుకొస్తున్నాం.”

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది చివరి వాక్యం. నా వల్ల పది మందికీ రోజు పాడవుతుందేమో అనే టెన్షన్‌తోనే చాలామంది పేరు ఇవ్వరు. వెనక్కి తిరగడానికి ఏర్పాటు ముందే ఉందని తెలిస్తే ఆ భారం దిగిపోతుంది. చిత్రమేమిటంటే, వెనక్కి వెళ్ళే వీలుందని తెలిసినవాళ్ళే చివరిదాకా వెళ్తారు.

పేరు నమోదు చేసే ఫారంలో జబ్బుల పట్టిక పెట్టి టిక్కులు కొట్టమనకండి. “మీ రోజు బాగా గడవాలంటే మేం ముందే తెలుసుకోవాల్సింది ఏదైనా ఉందా?” అని అందరినీ ఒకే ప్రశ్న అడగండి. ఆస్తమా, షుగర్, మూర్ఛ, అలర్జీ లాంటివి భద్రత కోసం తెలియాలి కాబట్టి వాటిని పేర్లతో అడగవచ్చు. అయితే ఆ వివరాలు ఎవరు చూస్తారో, ట్రిప్ అయ్యాక ఏం చేస్తారో అక్కడే రాయండి.

సామాను ముందే సర్దండి, ఎవరి ఒంటికి తగ్గది వాళ్ళకు

చాలా గ్రూపుల్లో జరిగేది ఇదీ. సంచి బోర్లిస్తారు, అందరూ హార్నెస్‌లు తీసుకుంటారు. ఒకరికి మాత్రం ఏదీ పట్టదు. “దీనికంటే పెద్దది లేదా?” అని ఎవరో గట్టిగా అరుస్తారు. అందరూ తిరిగి చూస్తారు. ఆ మనిషి రోజు అక్కడితో అయిపోయినట్టే. నడుము కొలత, తొడ కొలత ఫారంలోనే అడిగి, పేరు రాసిన సంచిలో ముందే పెట్టి ఇస్తే ఈ బాధే ఉండదు. చిన్న సైజులు, పెద్ద సైజులు రెండూ కొనండి. మధ్య సైజులే పది కొని పెట్టుకోవడం డబ్బు దండగ.

హార్నెస్ సరిగ్గా పట్టిందని ఎలా తెలుస్తుంది? నడుము పట్టీ తుంటి ఎముకల పైన కూర్చోవాలి. బిగించాక రెండు చేతులతో కిందికి లాగితే తుంటి మీదుగా జారకూడదు. పొట్ట ఉన్నవాళ్ళకు, గర్భిణులకు, నడుముకీ తుంటికీ కొలత తేడా లేని చిన్న పిల్లలకు ఈ పరీక్ష తప్పవచ్చు. తలకిందులైతే జారిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళకు భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ ఇవ్వాలి. గర్భంతో ఉన్నవాళ్ళు ఎక్కాలా వద్దా అన్నది మాత్రం వాళ్ళూ వాళ్ళ డాక్టరూ తేల్చుకోవాల్సిన విషయం. ఆడవాళ్ళ కోసం చేసిన హార్నెస్‌లలో నడుము పట్టీకీ తొడ పట్టీలకూ మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది. అది రంగు తేడా మాత్రమే అనుకుని పక్కన పెట్టేయకండి. అందరికీ ఎక్కే ముందే నేలకు అడుగు ఎత్తులో ఒక నిమిషం వేలాడి చూసే అవకాశం ఇవ్వండి. నొక్కుకునేది ఎక్కడో అప్పుడే తెలుస్తుంది.

బరువు గురించి. “నేను వేలాడితే తెగదు కదా?” అనే భయం చాలామంది మనసులో ఉంటుంది, పైకి అడగరు. మీరే అందరికీ చెప్పండి. యూరప్ ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్ళ సిట్ హార్నెస్‌ను 15 కిలోన్యూటన్ల బలంతో లాగి పరీక్షిస్తారు. అంటే దాదాపు 1,500 కిలోలు వేలాడినంత. తయారీదారు రాసిన పరిమితులు తప్పకుండా చూడండి. కానీ పట్టించుకోవాల్సిన అసలు సంగతి వేరే ఉంది. ఎక్కేవాళ్ళు, కింద తాడు పట్టుకుని కాపాడే (బిలే చేసే) మనిషికన్నా బాగా బరువైతే, జారినప్పుడు ఆ బిలేయర్ గాల్లోకి లేస్తారు. దానికి మార్గాలున్నాయి. దగ్గర బరువున్న మనిషికి తాడు ఇవ్వడం, బిలేయర్‌ను నేలకు కట్టి ఉంచడం, లీడ్ చేస్తుంటే (అంటే తాడును బండలోని బోల్టులకు తగిలించుకుంటూ ఎక్కుతుంటే) మొదటి బోల్ట్ దగ్గర రాపిడి పెంచే పరికరం పెట్టడం. ఈ జతలన్నీ ఫారం చూసి ముందురోజే వేసుకోవాలి. బండ కింద నిలబెట్టి “మీ బరువెంత?” అని అడగడం దేనికి?

జుట్టు, తలగుడ్డ విషయానికొస్తే, నడినెత్తిన ముడి వేస్తే హెల్మెట్ వెనక్కి జరిగి నుదురు బయటపడుతుంది. మెడ దగ్గరికి దించి జడ వేసుకుని, కొస దుస్తుల లోపలికి దోపుకోవాలి. వేలాడే జడ బిలే పరికరంలో ఇరుక్కుంటే చాలా ప్రమాదం. తల కప్పుకునేవాళ్ళు ఒంటికి అతుక్కునే పల్చటి గుడ్డ కట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోవచ్చు. గడ్డం పట్టీ బిగించాక తల ఊపితే కదలకపోతే సరిపోయినట్టే. ఉంగరాలు మాత్రం అందరూ తీయాల్సిందే, పట్టులో ఇరుక్కుంటే వేలి చర్మమే ఊడివస్తుంది. ఇవన్నీ ఒకరిని వేలెత్తి చూపకుండా మొత్తం గ్రూపుకు, ముందురోజు మెసేజ్‌లో చెప్పేయండి.

టాయిలెట్ గురించి పైకి మాట్లాడండి

టాయిలెట్ ఉండదని తెలిసి ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా కొండెక్కే ఆడవాళ్ళు ఎంతమందో. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్ళు తిరగడం. అప్పుడు మనం “స్టామినా లేదు” అంటాం.

బయల్దేరే ముందే లీడర్ మామూలు గొంతుతో చెప్పాలి: “ఒక గంటకు పెద్ద చెట్టు దగ్గర పదిహేను నిమిషాలు ఆగుతాం. ఎడమ వైపు ఆడవాళ్ళకు, అటు ఎవరూ రారు. ఎవరైనా తోడు కావాలంటే చెప్పండి.” నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చాలని, కాగితం సంచిలో వెనక్కి తేవాలని అందరికీ నేర్పండి. చిన్న తవ్వుకోల గ్రూపు సామానులోనే ఉండాలి. ఫస్ట్ ఎయిడ్ కిట్‌లో కట్టు గుడ్డతో పాటు శానిటరీ ప్యాడ్లు, నల్ల కవర్లు పెట్టి, “పై జేబులో ఉన్నాయి, అడగక్కర్లేదు, తీసుకోండి” అని చెప్పేయండి. చాలా హార్నెస్‌లకు తొడ పట్టీలను వెనక నుంచి పట్టి ఉంచే సాగే తాళ్ళు ఊడదీయడానికి వీలుగా ఉంటాయి. వాటిని విప్పితే నడుము పట్టీ, ముడి అలాగే ఉంచి పని కానిచ్చుకోవచ్చు. పొడుగాటి రూట్ల (బండ మీద ఎక్కే దారుల) మీద ఇది ప్రాణాలు కాపాడే సంగతి. అయినా మామూలు శిక్షణల్లో ఇది నేర్పించేవాళ్ళు తక్కువ.

నడకలో విశ్రాంతి అందరికీ సమానంగా

ముందు నడిచేవాళ్ళు ఒక చోట ఆగి పది నిమిషాలు కూర్చుంటారు. వెనక వాళ్ళు ఆయాసపడుతూ అక్కడికి చేరగానే “హమ్మయ్య, వచ్చేశారు, పదండి” అని లేస్తారు. అంటే ఎక్కువ అలసిన మనిషికి అసలు విశ్రాంతే లేదు. నియమం ఇలా పెట్టుకోండి: చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే గడియారం మొదలవుతుంది. లేదా మెల్లగా నడిచేవాళ్ళను ముందు పెట్టండి. చివర నడిచే లీడర్ నీరసంగా గడియారం చూసుకునే మనిషి కాకూడదు, ఓపికగా కబుర్లు చెప్పే మనిషి కావాలి.

పార్ట్‌నర్ చెక్: అందరి మాటకూ ఒకే విలువ

నా దృష్టిలో మొత్తం పనిలో గుండెకాయ ఇదే, అందుకే దీన్ని నిదానంగా చెబుతాను.

ఎక్కే ముందు ఒకరినొకరు చూసుకునే పద్ధతి క్లైంబర్లందరికీ తెలుసు. ఆచరణలో మాత్రం అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళ హార్నెస్‌ను అడగకుండానే పట్టుకుని లాగుతారు, బిగిస్తారు, “ఓకే, ఎక్కు” అంటారు. నడుము దగ్గర, తొడల దగ్గర పరాయి చేతులు. కొందరికి అక్కడే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఇక ఆ కొత్త మనిషి లీడర్‌ను తిరిగి చెక్ చేయడమనేది జరగనే జరగదు.

దీన్ని ఇలా మార్చండి. చేతులు వెనక పెట్టుకుని అడగండి: “మీ నడుము బకిల్ చూడాలి. మీరే ఒకసారి లాగి చూపిస్తారా?” వాళ్ళు లాగుతారు, పట్టీ జారిందో లేదో మీకు కనిపిస్తుంది. తొడ పట్టీలు కూడా అంతే. ముడి దగ్గరికొస్తే, ఫిగర్ ఎయిట్ (ఎనిమిది అంకెలా ఉండే ముడి) జంట గీతలు పక్కపక్కనే ఉన్నాయా, తాడు హార్నెస్‌కు ఉన్న రెండు టై-ఇన్ లూపుల్లోంచీ వెళ్ళిందా, చివర తగినంత తోక మిగిలిందా, వాళ్ళ వేలితోనే చూపించమనండి. చేత్తో పట్టుకుంటే తప్ప తెలియని చోట ఉంటే “ఇక్కడ పట్టుకోవచ్చా?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. వద్దంటే, వాళ్ళకు ఇష్టమైన మరో మనిషిని పిలవండి. చెక్ మాత్రం మానకూడదు.

తర్వాత తిరగేయండి. కొత్త మనిషి మిమ్మల్ని చెక్ చేయాలి. తాడు బిలే పరికరంలో సరైన వైపు ఉందా, క్యారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) లాక్ అయిందా, నొక్కి చూడమనండి. శిక్షణ రోజుల్లో, ఇద్దరూ నేల మీద ఉండగా, నేను క్యారబినర్ లాక్ తిప్పకుండా వదిలేసి నిలబడతాను. దాన్ని పట్టుకున్నవాళ్ళకు గ్రూపంతా చప్పట్లు. “సార్, మీ లాక్ తెరిచి ఉంది” అని ఒక పదహారేళ్ళ అమ్మాయి గట్టిగా అన్న క్షణం నుంచి ఆమె ఆ గ్రూపులో అతిథి కాదు. లీడర్ తప్పును ఎత్తిచూపితే మెచ్చుకుంటారని ఒక్కసారి అనుభవంలోకి వచ్చినవాళ్ళు, రేపు భయం వేసినా, ఎవరైనా వెకిలిగా ప్రవర్తించినా నోరు విప్పుతారు.

ఎక్కేటప్పుడు వాడే కేకలు అందరికీ తెలిసిన భాషలో ఉండాలి. “టేక్, స్లాక్, లోయర్” అలవాటు లేనివాళ్ళుంటే “బిగించు, వదులు, దించు” అనుకోండి, ఏదైనా ఫరవాలేదు. నేల మీదే ఓసారి చేసి చూడండి. పక్కన వేరే జట్లు ఉంటే కేకకు ముందు పేరు పెట్టి పిలవాలి. ఎవరైనా “దించండి” అంటే దించేయాలి. “ఇంకొక్క స్టెప్పు, వచ్చేస్తావు” అని బతిమాలకండి, తాడు బిగించి పట్టి ఆపకండి. కిందికి వచ్చి నీళ్ళు తాగాక, మళ్ళీ ఎక్కాలనుందా అని అడగవచ్చు.

కింద నుంచి మాట్లాడేవాళ్ళకు

అడగకుండా సలహాలు ఇవ్వకండి. “కుడి కాలు పైన, కాదు కాదు, ఇంకా పైన” అని ముగ్గురు ఒకేసారి అరుస్తుంటే ఎక్కేవాళ్ళకు తమ కదలిక తాము కనిపెట్టే ఆనందమే పోతుంది. ఆడవాళ్ళకు ఈ ఉచిత బీటా (ఎలా ఎక్కాలో చెప్పే సలహా) మరీ ఎక్కువగా అందుతుంది. “సలహా కావాలా?” అని ఒక్కసారి అడిగి ఊరుకోండి.

రూట్ ఎంత కష్టమో చెప్పే గ్రేడ్ అనేది దాన్ని ఎక్కినవాళ్ళ అభిప్రాయం. పొడుగు మనిషి చెయ్యి చాపి అందుకునే పట్టు, పొట్టి మనిషికి గెంతితే తప్ప అందదు. సన్నటి పగుల్లో చిన్న వేళ్ళు దూరతాయి, లావు వేళ్ళు దూరవు. కాబట్టి “ఇది ఈజీయే కదా” అనే మాట మానేయండి. “అమ్మాయిలే ఎక్కేశారు” అనే మాటను మీ గ్రూపులో అసలు వినిపించనివ్వకండి. అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ అనే పెద్ద బండ మీద ‘ద నోస్’ అనే రూట్‌ను, కింద పడితే ఆపడానికి తప్ప పైకి వెళ్ళడానికి తాడును వాడకుండా మొదట పూర్తిచేసింది లిన్ హిల్, 1993లో. అప్పటికి ఆడా మగా ఎవరూ అలా ఎక్కలేదు. మరుసటి ఏడు 24 గంటల లోపే మళ్ళీ ఎక్కారు. ఆమె ఎత్తు 157 సెంటీమీటర్లు.

ఎవరైనా వెకిలిగా మాట్లాడితే అక్కడికక్కడే, క్లుప్తంగా చెప్పండి: “ఇక్కడ అలా మాట్లాడం.” పెద్ద ప్రసంగం అక్కర్లేదు, అది మాట పడ్డవాళ్ళను ఇంకా ఇబ్బంది పెడుతుంది. అయితే చెప్పాల్సింది లీడరే. మాట పడ్డవాళ్ళే ఎదురు చెప్పుకోవాలని చూడటం అన్యాయం. కొత్త రూట్‌కు పేరు పెట్టే హక్కు మొదట ఎక్కినవాళ్ళదని ఆనవాయితీ. ఆడవాళ్ళనో, ఒక జాతినో కించపరిచే పేర్లు ఈ దారిలోనే గైడ్ పుస్తకాల్లోకి ఎక్కాయి, వాటిలో చాలా వాటిని ఈమధ్య మార్చారు. మీరు పేరు పెడుతుంటే, అన్ని రకాల మనుషులున్న చోట పైకి చదవగలరో లేదో ఆలోచించుకోండి.

వైకల్యం ఉన్నవాళ్ళు వచ్చినప్పుడు

మొదటి ప్రశ్న “ఏమైంది?” కాదు. “మీరు ఎలా చేస్తే బాగుంటుందో చెప్పండి, మేం దానికి ఏం చేయాలి?” అన్నది. తన ఒంటి గురించి తనకన్నా మీకు ఎక్కువ తెలియదు.

చూపు లేనివాళ్ళకు మాటే దారి. మొదలుపెట్టే పట్లను చేత్తో తడిమి చూడనివ్వండి, రూట్ మొత్తం వర్ణించండి. ఎక్కుతున్నప్పుడు ఒక్క గొంతే వినిపించాలి, క్రమం ఎప్పుడూ ఒకటే ఉండాలి: ఏ చెయ్యి, గడియారం ముల్లు లెక్కన ఏ దిక్కు, ఎంత దూరం, ఎలాంటి పట్టు. “కుడి చెయ్యి, రెండు గంటల వైపు, మోచేతి దూరం, పదునైన అంచు.” అంతర్జాతీయ పోటీల్లో కూడా చూపు లేని క్లైంబర్లకు ఇలా కింద నుంచి చెప్పే గైడ్ ఉంటారు. చూపు లేని ఎరిక్ వైహెన్‌మేయర్ 2001లో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ముందు నడిచేవాళ్ళ గంటల చప్పుడును పట్టుకుని వెళ్ళారు.

వినికిడి లేనివాళ్ళుంటే సైగలను ముందే తేల్చుకోండి. పిడికిలి అంటే బిగించు, కిందికి అరచెయ్యి అంటే దించు, తాడు ఎన్నిసార్లు లాగితే ఏమిటి, అన్నీ నేల మీదే సాధన చేయాలి. బిలేయర్ ఆ మనిషికి కనిపించే చోటే నిలబడాలి. సూచనలు చెప్పే లీడర్ సూర్యుడికి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది, పెదాలు చదవడం కుదరదు. సూర్యుడి వైపు ముఖం పెట్టి నిలబడితే చాలు.

కృత్రిమ కాలు పెట్టుకుని ఎక్కాలో తీసేసి ఎక్కాలో ఆ మనిషి ఇష్టం. పెట్టుకుంటే ఒక సన్నటి తాడుతో హార్నెస్‌కు కట్టి ఉంచమనండి, చెమటకు జారి పడితే కిందున్నవాళ్ళకూ ప్రమాదమే. నడుము కింద స్పర్శ లేనివాళ్ళకు పట్టీ కోసుకుపోతున్నా తెలియదు. మెత్తలు వేయాలి, ఎక్కువసేపు వేలాడనివ్వకూడదు, దిగాక చర్మం చూసుకోమని గుర్తుచేయాలి. ఇక చక్రాల కుర్చీ వాడేవాళ్ళకు బండ కన్నా బండ దాకా వెళ్ళే దారే కష్టం. మార్క్ వెల్‌మన్ నడుము కింద చచ్చుబడ్డాక 1989లో ఎల్ కాపిటాన్ ఎక్కారు. మీ గ్రూపుకు వచ్చే మనిషిని ఆపేది మాత్రం ఎత్తయిన గోడ కాకపోవచ్చు, పార్కింగ్ నుంచి గోడ దాకా ఉన్న గులకరాళ్ళే కావచ్చు. చోటు ఎంచుకునేటప్పుడు ముందు ఆ దారి చూడండి.

ఒక మనవి. కాలు కోల్పోయాక 2013లో ఎవరెస్ట్ ఎక్కిన అరుణిమా సిన్హా కథ, మోకాళ్ళ పైనుంచి రెండు కాళ్ళూ లేకుండా 2023లో ఎక్కిన హరి బుధా మగర్ కథ నిజంగా గొప్పవి. కానీ మీ దగ్గరికి వచ్చిన మనిషిని “వాళ్ళే ఎక్కారు, మీరెందుకు ఎక్కలేరు?” అనకండి. సరదాగా ఒక మధ్యాహ్నం గడపడానికి వచ్చి, సగం ఎక్కి దిగిపోయే హక్కు అందరికీ ఉంది. పోటీపడాలనుకునేవాళ్ళకు దారి ఎలాగూ పెద్దదవుతోంది, 2028 లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్‌లో పారాక్లైంబింగ్ మొదటిసారి ఉండబోతోంది.

ఖర్చు, వేళలు, వేరే సెషన్లు

మలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె ధైర్యం ఆమెదే. అయితే దాని వెనక ప్రభుత్వ గురుకుల విద్యా సంస్థ ఇప్పించిన శిక్షణ, సామాను, ఖర్చు ఉన్నాయి. అవి లేకపోతే ఆ ధైర్యం గురించి ఎవరికీ తెలిసేదే కాదు. మీ స్థాయిలో మీరు చేయగలిగింది సామాను అరువిచ్చే చిన్న నిధి. ఫీజు తగ్గింపు అడిగినవాళ్ళను కారణం అడగకండి, కాగితాలు అడగకండి. పిల్లలున్నవాళ్ళ కోసం వంతులవారీగా పిల్లల్ని చూసే ఏర్పాటు పెట్టండి. తెల్లవారుజాము ట్రిప్పులు మాత్రమే కాకుండా సాయంత్రం గంటన్నర సెషన్లు కూడా ఉండాలి.

ఆడవాళ్ళకు మాత్రమే సెషన్ పెడితే “ఇది మనుషుల్ని విడదీయడం కాదా?” అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదని నా గట్టి అభిప్రాయం. జున్కో తాబే 1969లో జపాన్‌లో ఆడవాళ్ళ క్లైంబింగ్ క్లబ్ పెట్టారు. 1975లో ఆడవాళ్ళ బృందంతో వెళ్ళి, ఎవరెస్ట్ ఎక్కిన మొదటి మహిళ అయ్యారు. మొదటి పట్టు నేర్చుకునేటప్పుడు ఎవరి చూపులూ పడని చోటు కొందరికి అవసరం. అక్కడి నుంచి అందరి సెషన్‌లోకి రావడానికి దారి ఉంచండి, రావాలా వద్దా అన్నది వాళ్ళకే వదిలేయండి.

రాత్రి బస, ఫిర్యాదులు

టెంటు ఎవరితో పంచుకుంటారో బయల్దేరక ముందే, విడిగా అడగండి. ట్రాన్స్ వ్యక్తులను “మీరు ఎటు?” అని ప్రశ్నించకండి. అందరినీ అడిగినట్టే “ఎవరితో ఉంటే మీకు హాయిగా ఉంటుంది?” అంటే చాలు. ఒంటరిగా ఉండాలనుకునేవాళ్ళ కోసం ఒక చిన్న టెంటు అదనంగా మోసుకెళ్ళండి.

వేధింపు జరిగితే చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు, నంబర్లు ప్రకటనలోనే ఉండాలి. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఆ ట్రిప్ లీడర్‌కు దగ్గరివాళ్ళు కాకూడదు. ఫిర్యాదు వచ్చాక మొదట చేయాల్సింది ఇద్దరినీ వేరు చేయడం, తాడు జతలోనూ టెంటులోనూ. అంత మాత్రానికి రుజువులు అక్కర్లేదు. “ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి” అని రాజీకి కూర్చోబెట్టకండి. ఫిర్యాదు చేసిన మనిషే ఇంటికి వెళ్ళిపోవాల్సిన పరిస్థితి రాకూడదు. నేర్పేవాళ్ళు నేర్చుకునేవాళ్ళతో శిక్షణ నడిచినంత కాలం సరసాలు ఆడకూడదని రాతపూర్వకంగా నియమం పెట్టండి. ప్రాణం వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు కొత్తవాళ్ళు కాదనడం మామూలు కన్నా ఎన్నో రెట్లు కష్టం.

ఫోటోలు అడిగి తీయండి, అడిగి పెట్టండి.

తాడు ఎవరి చేతుల్లో ఉంది?

ఒక ఏడాది గడిచాక చూడండి. నేర్పేవాళ్ళు, రూట్లు వేసేవాళ్ళు, చోటు నిర్ణయించేవాళ్ళు ఇంకా పాత నలుగురేనా? అయితే కొత్తగా వచ్చినవాళ్ళకు శిక్షణ ఖర్చు పెట్టి బిలే నేర్పే స్థాయికి తీసుకురండి. మొదట పాతవాళ్ళ పక్కన, తర్వాత సొంతంగా. చూపు లేని క్లైంబర్ రూట్ వర్ణించడం ఎలాగో నేర్పితే, అందరికన్నా బాగా నేర్పుతారు.

మీ బరువులు మోసేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, దారి చూపే స్థానికులు కూడా ఈ లెక్కలోకి వస్తారు. వాళ్ళకు మీకున్నంత మంచి బూట్లు, చలి దుస్తులు, బీమా ఉన్నాయా? ట్రిప్ గురించి రాసేటప్పుడు వాళ్ళ పేర్లు రాస్తున్నారా? హిమాలయాల్లో దశాబ్దాల పాటు షెర్పాలు తాళ్ళు కట్టారు, పేరు వేరేవాళ్ళకు వచ్చింది. 2021 జనవరి 16న పది మంది నేపాలీలు చలికాలంలో కె2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కినప్పుడు, శిఖరానికి కాస్త దూరంలో ఒకరి కోసం ఒకరు ఆగి, అందరూ కలిసే పైకి నడిచారు.

బండ కూడా ఎవరో ఒకరిదే. అమెరికాలోని డెవిల్స్ టవర్ అక్కడి ఆదివాసీ తెగలకు పవిత్రం. 1995 నుంచి జూన్ నెలలో స్వచ్ఛందంగా ఎక్కడం మానమని అక్కడ క్లైంబర్లను కోరుతున్నారు. ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద బండ ఎక్కడాన్ని 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా ఆపేశారు, అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలు ఎన్నో ఏళ్ళుగా అడిగింది అదే. కొత్త చోటికి వెళ్ళే ముందు ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళను కలిసి అడగండి. వద్దంటే మరో బండ చూసుకోండి. సరేనంటే వాళ్ళ పిల్లలకు మొదటి రోజు తాడు మీరే కట్టండి, హెల్మెట్లు ఆ సైజులో కూడా తీసుకెళ్ళండి.